చెరపని చుక్క

మీరు ఐటీఐ పాసై వచ్చి, చేతికి ఇంకా గ్రీజు వాసన పట్టని పిల్లలైతే ముందుగా ఒక మాట. గేరు ఒక పన్ను పక్కకు జరిపి బిగించినప్పుడు, దాని మీద ఉన్న పాత గుర్తు చెరిపేయండి. గ్రైండర్ పెట్టి అరనిమిషం రుద్దితే పోతుంది. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను ఒకే ఒక్కసారి ఆ అరనిమిషం పని చేయకుండా వదిలేశాను. ఎందుకు వదిలేశానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మా ఫ్యాక్టరీ ఉండేది. దినపత్రికలు అచ్చువేసే మిషిన్లు తయారుచేసేవాళ్లం. ఇటువైపు కాగితం చుట్ట ఎక్కిస్తే అటువైపు మడతపెట్టిన పేపరు వచ్చి పడుతుంది. ఆ చివర కాగితాన్ని కోసి మడతపెట్టే భాగాన్ని ఫోల్డరు అంటారు. మిగతా మిషినంతా ఒక ఎత్తు, ఫోల్డరు ఒక్కటే ఒక ఎత్తు. అందులో ఒక సిలిండరు మీది బ్లేడు కాగితాన్ని లోపలికి పొడిస్తే, పక్క సిలిండరు దవడ తెరుచుకుని దాన్ని పట్టుకోవాలి. ముందైనా వెనకైనా కాగితం చిరిగి కుప్పపడుతుంది. ఆ ఫోల్డరు పని నాది. షెడ్డులో అందరూ "ఫోల్డర్ అంటే నువ్వే" అనేవాళ్లు. ఆ మాట వినడం నాకు చాలా ఇష్టం.

మిషిన్‌ను ఫ్యాక్టరీలోనే పూర్తిగా బిగించి, నడిపి చూసి, మళ్లీ విప్పి పెట్టెల్లో సర్దేవాళ్లం. అక్కడికి వెళ్లాక ఏ పన్ను ఏ పన్నుతో కలవాలో తెలియాలి కదా. అందుకని రెండు గేర్లు కలిసేచోట పంచ్‌తో కొట్టి చెరొక చుక్క పెడతాం. చుక్కకు చుక్క కలిపితే పని అయిపోయినట్టే. ఈ గుర్తులు మేం ఏ కాగితం మీదా రాసేవాళ్లం కాదు. మా దగ్గర ఒక రివాజు ఉండేది. గుర్తులు పెట్టినవాడే మిషిన్ వెంట వెళ్లాలి. నాగపూర్ అయినా గువాహటి అయినా అంతే. వెళ్లేవాడి తలలో ఉన్నదాన్ని మళ్లీ కాగితం మీద పెట్టడం ఎందుకని మా ధీమా.

అట్లాంటి రోజుల్లో ఒక చిన్న దేశం నుంచి ఆర్డరు వచ్చింది. దేశం పేరు చెప్పను, అక్కడివాళ్ల తిప్పలు ఇంకా తీరలేదు. మ్యాపులో వేలు పెడితే గోరు కింద దాగిపోయేంత దేశం. కొండలు, చలి. అక్కడ ఎవరి మాటా వినని పత్రిక ఒకటి ఉంది కానీ దానికి సొంత ప్రెస్సు లేదు. సర్కారు ప్రెస్సులో అచ్చువేయించుకునేవాళ్లు. సర్కారుకు నచ్చని వార్త ఉన్న రోజే ఆ ప్రెస్సు ఠంచనుగా రిపేరుకు వచ్చేది. ఇది చూసి ఎక్కడో పెద్ద దేశంలోని సంస్థ ఒకటి, మీరు సొంత మిషిన్ కొనుక్కోండి, డబ్బు మేమిస్తాం అంది. షరతు ఒకటే. ఎన్నికలకు ముందు ఫలానా రోజుకల్లా సొంత మిషిన్ మీద పేపరు బయటికి రావాలి. రాకపోతే ఇక ముందు సాయం ఉండదు.

మేనేజరు ఇదంతా క్యాంటీన్‌లో చెబితే మా ఎలక్ట్రీషియన్ నోరు తెరిచాడు.

"ఊకెనే ఎవలిస్తరు సార్? దీంట్ల ఏదో మతలబు ఉంటది."

"మతలబు ఉంటే ఉండనీ. మనకెవ్వరూ ఇయ్యరేంది?" అన్నాను నేను.

నవ్వులాటకే అన్నాను గానీ లోపల నిజంగానే మండింది. కెమికల్ ఫ్యాక్టరీలున్న గడ్డపోతారం వైపు నుంచి గాలి మళ్లితే ముక్కు మూసుకుని తలుపులు వేసుకునేవాళ్లం మేం. దాని గురించి నాలుగు ముక్కలు రాసుకోండని ఏ దేశమూ మాకు ఒక్క సీసా ఇంకు కూడా పంపలేదు. ఆ చిన్న దేశం వాళ్లు ఏం పుణ్యం చేసుకున్నారో అనిపించింది.

ముందుగా ఆ సంస్థ తరఫున ఒకాయన ఫైలు పట్టుకుని తనిఖీకి వచ్చాడు. నేను ఫోల్డరును తుడిచి అద్దంలా పెట్టాను. ఆయన దాని వైపు తిరిగి కూడా చూడలేదు. ఆడవాళ్లకు బాత్రూం ఏదని అడిగాడు. స్టోర్స్‌లో ఒకావిడ, క్యాంటీన్‌లో ఇద్దరు ఏళ్ల తరబడి పక్క ఫ్యాక్టరీకి వెళ్లి వచ్చేవాళ్లు. నాలుగు రోజుల్లో షెడ్డు వెనక బాత్రూం లేచింది. యూనియన్ ఎన్నిసార్లు అడిగినా కట్టని బాత్రూం అది. ఎక్కడో పేపరు స్వతంత్రంగా నడవాలంటే పటాన్‌చెరులో బాత్రూం కట్టాలన్న సంగతి మాకు అప్పుడే తెలిసింది.

ఇక మా తమ్ముడి సంగతి. సొంత తమ్ముడు కాదు. నాకంటే పదేళ్లు చిన్న, నా దగ్గరే పని నేర్చుకున్న ఫిట్టరు. తరాలుగా పటాన్‌చెరులోనే ఉంటున్న ముస్లిం కుటుంబం వాళ్లది. తండ్రి రేకుతో బకెట్లు, డబ్బాలు చేసేవాడు. నన్ను అన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ణి. బీహారు వెల్డర్లతో హిందీ, ఇంజనీర్లతో ఇంగ్లీషు, నాతో తెలుగు, ఎవరి భాష వాళ్లతో. తప్పు చేస్తే నవ్వుతూ ఒప్పుకునేవాడు, ఎదుటివాడికి తిట్టబుద్ధి పుట్టేది కాదు. నాకు నలభై దాటినా రాని ఆ విద్య వాడికి పుట్టుకతో వచ్చింది. షెడ్డులోకి వాడు అడుగుపెడితే నలుగురి మొహాలు వెలిగేవి. నేను వస్తే నలుగురూ పనిలో పడేవాళ్లు. రెండూ గౌరవమేనని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి.

ఆ ఆర్డరు ఫోల్డరు నేనే కట్టాను కాబట్టి వెళ్లేది నేనే. అందులో అనుమానం ఏముంది? పాస్‌పోర్టు తీయించుకున్నాను. సంగారెడ్డిలో రోడ్డు పక్కన చలికాలం స్వెట్టర్లు అమ్మేవాళ్ల దగ్గర ముదురు నీలం ఊలు స్వెట్టరు కొన్నాను. నేను విమానం ఎక్కబోతున్న సంగతి మా చిట్కుల్ గల్లీలో ఇంటింటికీ తెలిసిపోయింది. ఎందుకంటే చెప్పింది నేనే.

మిషిన్ నడిపి చూసే రోజున ఆ పత్రిక ఎడిటరమ్మ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి, పొట్టి జుట్టు, మగవాళ్ల బూట్లు. వాళ్ల పేజీల ప్లేట్లు వెంట తెచ్చుకుంది. మెల్లగా నడిపినంతసేపూ పేపరు చక్కగా వచ్చింది. స్పీడు పెంచగానే ఫోల్డరులో చిరిగి కుప్పపడింది. మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీరు బువ్వ తినిరాండ్రి సార్. వచ్చేసరికి అయితది," అన్నాను.

అందరూ వెళ్లాక గేరు విప్పాను. ఒక్క పన్ను తేడా. జరిపి బిగించి, పెద్ద గేరు మీద సరైన చోట కొత్త చుక్క కొట్టాను. వాళ్లు తిరిగి వచ్చాక ఎంత స్పీడు పెంచినా పేపరు నీళ్లలా జారి వచ్చింది. ఎడిటరమ్మ వేడి పేపరు ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. తమ్ముడు "ఏం జేసినవన్నా?" అని అడిగాడు. "జెర సెట్ చేసిన," అన్నాను. అంతకంటే చెప్పలేదు.

ఆమె పక్కనున్న వేరే గేర్ల మీద చుక్కలు చూసి ఇవేమిటని అడిగింది. నేను నాలుగు ముక్కల్లో చెప్పాను. తమ్ముడు దాన్ని నలభై ముక్కలు చేసి ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె నవ్వింది. వాడి చేయి పట్టుకుని ఊపింది. తర్వాత నా వైపు చేయి చాపింది. నా చేతినిండా నూనె. వేస్ట్ గుడ్డతో తుడుచుకునేలోపు మేనేజరు ఆమెను పిలిచాడు. చాపిన చేయి వెనక్కి వెళ్లిపోయింది.

టీ దగ్గర నేనే కదిలించాను. "అడుగు తమ్మీ, పైసలిచ్చెటోళ్లు గిది రాయి, గది రాయకు అంటరా అని."

వాడు దాన్ని కాస్త మర్యాదగా మార్చే అడిగి ఉంటాడు. ఆమె మళ్లీ నవ్వింది.

"వాళ్లు ఎన్ని కాపీలు పడ్డయి, ఎంతమందికి ట్రైనింగ్ ఇచ్చిండ్రు అనే అడుగుతరంట అన్నా. పేపర్ల ఏమున్నదో సదువనే సదువరంట. అక్షరం అక్షరం సదివేది వాళ్ల సర్కారేనంట."

"పైసలు బంద్ జేస్తే?"

ఈసారి ఆమె నవ్వలేదు. తమ్ముడు కూడా మెల్లగా చెప్పాడు. "బంద్ అయిన్నాడు పేపర్ బంద్ అంట. అది ఎరుకనేనంట. గప్పటిదాక నడ్పుతం అంటుంది."

ఆ జవాబు నాకు నచ్చింది. నచ్చినందుకు కోపం కూడా వచ్చింది. అరువు ప్రాణంతో బతుకుతూ ఇంత నిమ్మళంగా ఎలా మాట్లాడుతుందో అర్థం కాలేదు.

పాత చుక్క చెరపాలని గ్రైండరు చేతిలోకి తీసుకున్నప్పుడు మేనేజరు నన్ను పక్కకు పిలిచాడు. "నువ్వేం అనుకోకు. అక్కడ వాళ్లకు నేర్పాలె, మాట్లాడాలె. మేడమ్ కూడా ఆ పిలగాడే రావాలని అడిగింది. నీ గుర్తులు ఉన్నయి గదా, కలుపుకుంటడు."

నేను "సరే సార్" అన్నాను. వెనక్కి వచ్చి గేరు ముందు నిలబడ్డాను. రెండు చుక్కలు. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు. ఏది ఏదో భూమ్మీద నాకొక్కడికే తెలుసు. గ్రైండరు కింద పెట్టేశాను. గేరుకు గ్రీజు ఎట్లాగూ పూయాలి. కొత్త చుక్క మీద కొంచెం ఎక్కువ పూశాను. కొలిచి పన్నిన కుట్రేమీ కాదు. చేయి అట్లా పోయింది, నేను ఆపలేదు. అంతే తేడా.

వెళ్లేముందు తమ్ముడు మా ఇంటికి వచ్చాడు.

"అన్నా, ఇంకేమన్న చెప్పేదున్నదా?"

"అన్నిటికీ చుక్కలు పెట్టిన. కలుపుకుంట పో."

వాడు తల ఊపాడు. ఇంతలో మా ఆవిడ లోపలి నుంచి ఆ నీలం స్వెట్టరు తెచ్చి వాడి చేతిలో పెట్టింది. "చలి దేశం పోతున్నవ్ నాయినా, ఇది తీస్కపో. మా ఇంట్ల ఏం జేస్తది?" నన్ను ఒక్క మాట అడగలేదు. వాడు దాన్ని గుండెకు ఆనించుకుని దండం పెట్టి వెళ్లాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మూడు వారాల తర్వాత ఒక రోజు పొద్దున పదిన్నరకు షెడ్డులో ఉండగా ఫోన్ వచ్చింది.

"అన్నా, పరేషాన్ల ఉన్న. స్లోల నడుస్తుంది, స్పీడ్ పెంచితే చింపేస్తుంది. నీ చుక్కలు కలిపే పెట్టిన. రెండుసార్లు విప్పి సూసిన. ఇయ్యాల మూడింటికి కొండల దిక్కు ఊర్లకు బస్సులు పోతయి, వాటిల పేపర్ ఎక్కాలె. స్లోల నడిపితే రేపటికి గూడ కాదు. మల్ల బస్సు ఓట్లు పడ్డంకనే అంట."

చెప్పాల్సిన మాట నాలుక చివరే ఉంది. అక్కడే ఆగిపోయింది.

"కాగితం టెన్షన్ చూసినవా?"

"సూసిన."

"మల్లొకసారి చూడు."

ఫోన్ పెట్టేసి గేటు బయటికి వెళ్లి టీ తాగాను. అంత రుచిగా ఉన్న టీ నా బతుకులో తాగలేదు. ఇది రాయడానికి చేయి రావడం లేదు, అయినా నిజం. మేనేజరు వచ్చి నిన్నే పంపాల్సిందని అంటున్నట్టు, నేను ఏమీ అనకుండా నవ్వుతున్నట్టు ఊహించుకున్నాను. ఇంగ్లీషు మాట్లాడినంత సులువు కాదు ఫోల్డరు అంటే అనుకున్నాను. మధ్యలో వాడు మరో రెండుసార్లు ఫోన్ చేశాడు. మొదటిసారి రోలర్లు చూడమన్నాను. రెండోసారి ఎత్తలేదు.

భోజనాల తర్వాత ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. ముందు నాకు కనిపించింది నా స్వెట్టరే. మోచేయి దాకా నూనెలో తడిసిపోయి ఉంది. అది తొడుక్కుని తమ్ముడు ఫోల్డరు పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. ఆ తర్వాత చూశాను, ఫోల్డరు కింద నేల మీద ఎడిటరమ్మ వెల్లకిలా పడుకుని, టార్చిలైటు పళ్ల మధ్య పట్టుకుని పైకి చూస్తోంది. జుట్టంతా కాగితం పొట్టు. ఆమెకు గేర్ల గురించి ఓనమాలు తెలియవు. అయినా ఆ చలినేల మీద పడుకుని, నేను గ్రీజు కింద దాచినదాన్ని వెతుకుతోంది.

జాలి కలిగిందని చెబితే నాకే బాగుండేది. కానీ నా మనసులోకి వచ్చింది వేరు. ఈమె పని కోసం నేల మీద పడుకుంది, నేను పని తెలిసి నిలబడి ఉన్నాను, ఫోల్డరు అంటే నేనే అని ఇక ఏ మొహంతో అనిపించుకోవాలి అనుకున్నాను. షెడ్డు వెనక, వాళ్ల పుణ్యాన లేచిన ఆ బాత్రూం గోడ పక్కకు వెళ్లి ఫోన్ చేశాను. అప్పటికి మాకు నాలుగు దాటింది, వాళ్లకు రెండున్నర.

"తమ్మీ, పెద్ద గేర్ మీద గ్రీజు తుడువు. నువ్వు కలిపిన చుక్కకు ఎడమ దిక్కు, పక్క పన్ను."

గుడ్డ రుద్దుతున్న చప్పుడు.

"ఉన్నది," అన్నాడు. "ఇంకో చుక్క ఉన్నది."

"అదే కరెక్టు."

ఎందుకు చెప్పలేదన్నా అని అడుగుతాడని చూశాను. ఏం అబద్ధం చెప్పాలో కూడా కూర్చుకున్నాను. వాడు అడగలేదు. "పెడుతున్న అన్నా," అని కట్ చేశాడు.

గంటలో బిగించాడట. మిషిన్ స్పీడు అందుకుంది, ఆ రోజే పేపరు వచ్చింది, షరతు తీరింది, సాయం ఆగలేదు. కానీ బస్సులు వెళ్లిపోయాయి. కొండ ఊళ్ల భూములు ఎవరెవరి పేరు మీదికి మారుతున్నాయో ఆ పేపర్లో పేర్లతో సహా వేశారు. పట్నంవాళ్లు ఆ సాయంత్రమే చదివారు. ఆ భూములున్నవాళ్లు ఓట్లు వేసివచ్చాక చదివారు. ముందే చదివితే ఏమన్నా మారేదా అంటే నాకు తెలియదు. ఎవరికీ తెలియకుండా చేసింది నేనే కదా.

తమ్ముడు వచ్చాక రిపోర్టులో ఒక్క వాక్యం రాశాడు. గేరు కలపడంలో నా పొరపాటు వల్ల ఆలస్యమైంది, అని. మెమో ఇచ్చారు. మళ్లీ వాణ్ణి బయటి దేశాలకు పంపలేదు. తర్వాత వచ్చిన రెండు అవకాశాలూ నాకే వచ్చాయి. విమానం ఎక్కాను. కిటికీ సీటు కూడా దొరికింది. మబ్బులు పైనుంచి చూస్తే బాగుంటాయి, అందులో అబద్ధం లేదు.

స్వెట్టరు ఉతికి, మడతపెట్టి తెచ్చిచ్చాడు. లోపల ఆ మొదటి పేపరు. అందులో ప్రెస్సువాళ్ల ఫొటో ఉంది, మధ్యలో నీలం స్వెట్టరులో వాడు. కింద ఏం రాసి ఉందని అడిగితే, "ఇండియా ఫిట్టర్ అని ఉన్నదంట" అన్నాడు. పేరు కూడా లేదు. అయినా ఆ రెండు మాటలు నా గురించి రాయాల్సినవని ఏళ్లపాటు ఏడ్చాను. నిజం చెప్పేయాలని ఎన్నోసార్లు అనుకున్నాను. రిటైరైన రోజు శాలువా కప్పి నలుగురిలో "మా ఉస్తాద్" అన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. మైకు చేతిలోనే ఉంది. కంపెనీకి కృతజ్ఞతలు చెప్పి దిగిపోయాను.

ఆ పేపరు ఏళ్లపాటు నడిచింది. తర్వాత బయటి సొమ్ము తీసుకునేవాళ్లంతా పరాయివాళ్ల మనుషులేనని వాళ్ల సర్కారు చట్టం చేసింది. అదే కాలంలో ఇచ్చే దేశంలోనూ గద్దె మీదివాళ్లు మారి, బయటివాళ్లకు ఇచ్చేది లేదన్నారు. తీసుకోవద్దని ఒకరు, ఇవ్వబోమని ఒకరు. మధ్యలో పేపరు ఆగింది. బంద్ అయిన్నాడు బంద్ అని ఆమె క్యాంటీన్‌లో చెప్పినట్టే అయింది.

పోయిన నెల తమ్ముడి నుంచి ఫొటోలు వచ్చాయి. మిషిన్ అమ్ముకోవాలి, ఎవరైనా ఉంటే చెప్పమని ఎడిటరమ్మ వాడికి పంపితే, వాడు నాకు పంపాడు. "నీ మిషిన్ జూస్కో అన్నా," అని వాయిస్ మెసేజ్. ఒక్కొక్కటే పెద్దది చేసి చూశాను. నాలుగో ఫొటోలో ఫోల్డరు పక్క మూత తీసి ఉంది. పెద్ద గేరు. రెండు చుక్కలు అట్లాగే ఉన్నాయి. రెండో చుక్క పక్కన పసుపు పెయింటుతో, తెలుగులో, వాడి వంకర అక్షరాలు.

"ఇదే కరెక్టు. అన్న మరిచిండు."

రేపు ఎప్పుడైనా మా ఫ్యాక్టరీ నుంచి ఇంకో ఫిట్టరు రిపేరుకు వెళితే చదువుకోవడానికి రాసింది అది. ఆ దేశంలో ఇంకెవరికీ ఆ అక్షరాలు రావు. చుక్క ఎక్కడుందో చెప్పాడు, దాచింది నేనని చెప్పలేదు. చూసి మొదట నాకు సిగ్గు రాలేదు. మళ్లీ అసూయే వచ్చింది. నాకు ఎవరైనా అట్లా చేసి ఉంటే ఆ నాలుగు మాటలు నేను రాయగలిగేవాణ్ణా అనిపించింది. రాయలేను.

మర్నాడు పొద్దున ఆటో ఎక్కి ఇస్నాపూర్ వెళ్లాను. అక్కడ వాడిదిప్పుడు చిన్న షెడ్డు, మందుల ప్యాకింగ్ మిషిన్లు రిపేరు చేస్తాడు. గడ్డం సగం నెరిసింది. బల్ల ముందు నిలబడి ఆకురాయితో ఏదో రుద్దుతున్నాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"తమ్మీ, నేను మర్వలేదు."

వాడు రుద్దడం ఆపలేదు.

"ఎరుకే అన్నా. గదంత రాస్తందుకు గేర్ మీద జాగ తక్కువుండె."

బయట లారీలు పోతున్నాయి. బల్ల మీద విప్పిన గేరు ఒకటి ఉంది, దాని మీద రెండు చుక్కలు.

"ఏది పాతది?" అని అడిగాను.

వేలితో చూపించాడు. గ్రైండరు తీసుకుని అరనిమిషం రుద్దాను.